నీళ్లిచ్చి అడిగే ప్రశ్న

విదేశయాత్రలను గూర్చి మన పత్రికలలో వచ్చే వ్యాసములలో నాకు చిరకాలముగా ఒక లోపము కనిపిస్తున్నది. యాత్రికుడు ఏమి చూచినాడో, ఏమి తిన్నాడో, ఎక్కడ బస చేసినాడో, ఎంత వ్యయమైనదో వాటిలో సవిస్తరముగా ఉంటుంది. ఆ ఊరివారు అతనిని చూచి ఏమనుకొన్నారో మాత్రము ఉండదు. జలపాతము ఎన్ని అడుగుల ఎత్తునుండి పడుతున్నదో తెలుస్తుంది. ఆ నీటిని తరతరములుగా త్రాగుతున్నవారు ఎవరో తెలియదు. “స్థానికులు చిరునవ్వుతో స్వాగతము పలికినారు” అన్న ఒక్క వాక్యముతో మనుష్యుల ప్రసక్తి ముగిసిపోతుంది. ఆ వాక్యము వ్రాయడానికి ఇల్లు కదలవలసిన అవసరము కూడ లేదు.

ఇంత నిష్ఠురముగా మాట్లాడడానికి కారణమున్నది. నేనును అటువంటి వ్యాసమునే వ్రాయబోయి మధ్యలో మానుకొన్నవాడను. మా మేనల్లుడు పశ్చిమాఫ్రికాలోని ఘానా దేశమున, తేమా రేవుపట్టణములో ఉద్యోగము చేస్తున్నాడు. వేసవి సెలవులలో రమ్మని అతడు పట్టుబట్టగా అక్కడికి పోయి అయిదు వారములున్నాను. బయలుదేరడానికి ముందు, సంవత్సరాంతపు తరగతిలో, పాఠము అయిపోయి ఇంకను కొంత సమయము మిగిలి ఉండగా, “పశ్చిమాఫ్రికా అనగానే మీకు తోచే మాట చెప్పండి” అని విద్యార్థులను అడిగినాను. సింహము, ఎడారి, కరవు, జబ్బులు — ఈ వరుసలో సమాధానములు వచ్చినవి. వెనుక బల్లమీది కుర్రవాడు “ఫుట్‌బాల్” అన్నాడు. తరగతి నవ్వినది. అక్కడి మనుష్యులు చేసే పనిని తలచినవాడు అతడొక్కడేనని నాకు తరువాత తోచినది.

ఆ విద్యార్థులను తప్పుపట్టను. వారికి మనము చెప్పినది అంతే. ఘానా విస్తీర్ణము సుమారు 2,38,500 చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రములను కలిపినదానికంటె కొంచెము తక్కువ. గోల్డ్‌కోస్ట్ అన్న పాత పేరును వదలి, 1957 మార్చి 6వ తేదీన, క్వామే ఎంక్రుమా నాయకత్వమున స్వాతంత్ర్యము పొందినది. దక్షిణమున గినీ సింధుశాఖ; తీరమునుండి లోపలికి పోయినకొద్దీ దట్టమైన వానకారు అడవులు, కోకో తోటలు; తూర్పున టోగో సరిహద్దు పొడవునా కొండలు; నడుమ సముద్రమువంటి వోల్టా సరస్సు; ఉత్తరమున ఏనుగులు తిరిగే గడ్డిమైదానములు. ఎడారి ఆ దేశములో లేనే లేదు.

నన్ను కొండల దేశమునకు తీసుకొనిపోయినవాడు ఒక బడిపంతులు. మా మేనల్లునికి స్నేహితుడు, ఎవే జాతివాడు, మంచి మాటకారి. హోహోయె పట్టణమునకు సమీపమున వ్లీ జలపాతమున్నది. ఘానాలోని జలపాతములలో అదియే ఎత్తైనదంటారు. ఉదయమే అక్కడికి చేరవలెనని నా ఆత్రము. పంతులు మాత్రము బండిని దారి మళ్లించి, ఒక గ్రామములో తన పెదతండ్రి ఇంటిముందు ఆపించినాడు. “జలపాతము ఎక్కడికీ పోదు, సార్. ముందు పెద్దవారిని చూడవలె” అన్నాడు. ఆ మాట మా తాతగారు అన్నట్లే ఉన్నది.

ముంగిట మామిడిచెట్టు నీడలో బల్లలు వేసినారు. కూర్చున్నాము. ఎవరును ఏమీ మాట్లాడలేదు. కొంతసేపటికి ఒక బాలిక పళ్లెములో గ్లాసులు పెట్టి మంచినీళ్లు తెచ్చి, మోకాళ్లు కొద్దిగా వంచి, కుడిచేతితో అందించినది. నేను నా సంచిలోని నీళ్లసీసాను పైకెత్తి చూపి, తల అడ్డముగా ఊపినాను. ప్రయాణములలో నీళ్ల విషయమున జాగ్రత్త వహించమని ఇంటిలో పదిమార్లు చెప్పి పంపినారు; ఆ జాగ్రత్తయే నన్ను ఆడించినది. ఆ బాలిక నావైపు చూచినది, పెద్దాయనవైపు చూచినది. ఏమి చేయవలెనో తోచక అట్లే నిలబడినది. పంతులు లేచి నా వంతు గ్లాసు తాను అందుకొని, రెండు చుక్కలు నేలమీద వదలి, మిగిలినది త్రాగినాడు. అప్పుడుగాని పెద్దాయన నోరు విప్పలేదు.

ఆయన అన్న మాటలను పంతులు నాకు ఇంగ్లీషులో చెప్పినాడు. ఇక్కడ అంతా చల్లగా ఉన్నది. దారి నడచి వచ్చినవారు మీరు. కాబట్టి కబురు మీదే. ఏ పనిమీద వచ్చినారు?

“జలపాతము చూడడానికి వచ్చినాను” అన్నాను.

“మీ దేశములో జలపాతములు లేవా?”

ఎత్తిపోతల, తలకోన, కుంటాల మనస్సులో మెదలినవి. ఉన్నవని చెప్పినాను.

“మరి?” అన్నాడు పెద్దాయన. ఎగతాళి లేదు ఆ కంఠములో; నిజముగానే తెలుసుకొనగోరినాడు. ముప్ఫై యేండ్లుగా తరగతిగదులలో ప్రశ్నలు వేసినవానికి ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. పంతులే ఏదో సర్దిచెప్పినాడు. పెద్దాయన నవ్వి, నేను ఏ వారమున పుట్టినానని అడిగినాడు. బుధవారమని చెప్పగా, ఐతే ఈ దేశములో నీ పేరు క్వాకు అన్నాడు. పుట్టిన వారమునుబట్టి పేరు పెట్టడము అక్కడి ఆచారము. శుక్రవారమున పుట్టినవాడు కోఫీ, శనివారమున పుట్టినవాడు క్వామే. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా ఉండిన కోఫీ అన్నన్ పేరును, ఎంక్రుమా పేరును మన విద్యార్థులు వినియే ఉంటారు. ఆ పేర్లలో వారములున్నవని వినియుండరు.

తిరిగి బండి ఎక్కిన తరువాత పంతులు నాకు ఒక చిన్న పాఠము చెప్పినాడు. నీళ్లు త్రాగకపోయినా ఫరవాలేదు; గ్లాసు చేతిలోకి తీసుకొని, పెదవులకు తాకించి ఇచ్చివేయవచ్చును. నిరాకరించడము మాత్రము పనికిరాదు. ఏలనగా ఆ నీళ్లు దాహమునకు ఇచ్చినవి కావు. వచ్చినవాడు శత్రువు కాడని ఇంటివారును, ఈ ఇంటిని నమ్ముతున్నానని వచ్చినవాడును ఒకరికొకరు చెప్పుకొనే మాట అది. ఆ మాట ముగిసిన తరువాతనే వచ్చిన పని అడుగుతారు. అకాన్ భాష మాట్లాడేవారు ఈ అడగడమును అమన్నె అంటారు. ఎవేలలోను ఇదే పద్ధతి. నీళ్లకు ముందు పని అడిగితే ఇంటివానిది తప్పు. పని చెప్పకుండ కూర్చుంటే వచ్చినవానిది తప్పు.

ఈ రెండవ తప్పును గూర్చి మనవారు ఎక్కువగా ఆలోచించినట్లు లేదు. అతిథిని దేవునిగా భావింపుమని ఉపనిషత్తు చెప్పినది. ఆ వాక్యమును మనము విమానాశ్రయముల గోడలకు ఎక్కించినాము. అతిథికి ఇంటివాడు ఏమి చేయవలెనో ధర్మశాస్త్రములు విపులముగా చెప్పినవి. అతిథి ఏమి చేయవలెనో చెప్పిన భాగము వానితో పోల్చితే స్వల్పము. వచ్చిన తిథి తెలియనివాడు అతిథి అని మన వ్యుత్పత్తి. అనగా అతడు ఎప్పుడైనా రావచ్చును, అతనిని ఏమీ అడగరాదు. అకాన్ భాషలో అతిథికిని అపరిచితునికిని ఒకే మాట: ఒహొహొ. ఒకే మనిషి రెండూ కావచ్చునన్న సంగతిని ఆ భాష దాచిపెట్టలేదు. మన తెలుగులో ఏమైనది? పరదేశి అన్న మాటకు మనవారు దిక్కులేనివాడన్న అర్థము కల్పించినారు. భాషాధ్యాపకునిగా ఈ మాట వ్రాస్తూ కొంచెము సిగ్గుపడుతున్నాను.

అకాన్ ప్రజలలో ఒక సామెత ఉన్నది. కొత్తగా వచ్చినవానికి కన్నులు పెద్దవేగాని, ఊరిలో ఉన్నది అతనికి కనబడదు — ఇది దాని తాత్పర్యము. ఆ దేశములో నేను చూచిన ప్రకృతిశోభ అంతయు ఈ సామెతకు వ్యాఖ్యానమువలె ఉన్నది.

వ్లీ జలపాతమునకు అడవిలోనుండి కాలిబాట ఉన్నది. ఒకే సెలయేరు బాటకు పదేపదే అడ్డము వస్తుంది. కొయ్యవంతెనలమీద దానిని దాటుతూ పోవలె. వానలు మొదలైన రోజులు గనుక నీరు బలముగా పడుతున్నది. చాల దూరమునుండియే తుంపర ముఖమునకు తాకినది. కొండచరియకు గబ్బిలములు వేలకువేలుగా, పండిన నేరేడుగుత్తులవలె వ్రేలాడుతున్నవి. చూచినాను, ఆనందించినాను. నా పెద్ద కన్నులు అంతవరకు పనిచేసినవి.

తాఫీ అటోమే గ్రామములో ఆ కన్నులు చాలలేదు. ఆ ఊరిని ఆనుకొని చిన్న అడవి. దానిలో మోనా జాతి కోతులున్నవి. మనిషి చేతిలోని అరటిపండును తామే ఒలుచుకొని తింటవి. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. బొమ్మలు తీసుకొని పోయేవారే అధికము. ఆ కోతులు అక్కడ ఎందుకు మిగిలినవన్నది అసలు విషయము. తమ పూర్వులు వలస వచ్చినప్పుడు తమ దైవముతోబాటు ఇవియు వచ్చినవని వారి నమ్మకము. కాబట్టి వాటిని చంపరాదు. కొత్త మతము వచ్చి పాత నమ్మకము సడలిన కాలములో వేట మొదలై, వాటి సంఖ్య క్షీణించినది. పిమ్మట 1990 దశకములో గ్రామస్థులు తిరిగి కట్టుబాటు చేసికొని అడవిని కాపాడుకొన్నారు. చూడవచ్చినవారు రుసుము చెల్లిస్తారు. అందులో భాగము ఊరి పనులకు పోతుంది.

దేశమునకు మధ్యభాగమున బోబెంగ్, ఫియెమా అన్న జంటగ్రామముల చరిత్రయు ఇటువంటిదే. అక్కడ రెండు జాతుల కోతులు దేవతల బిడ్డలు. ఒక కొత్త శాఖకు చెందిన విశ్వాసులు, చంపినా ఏమీ కాదని చూపడానికి వాటిని చంపసాగినప్పుడు, ఊరివారు ప్రభుత్వమును ఆశ్రయించి 1975లో నిషేధపుటుత్తరువు సంపాదించినారు. కోతి చనిపోతే అక్కడ మనిషికి చేసినట్లే గుడ్డ కప్పి పూడ్చిపెడతారు. వాటికొక శ్మశానము ఉన్నది. దీనిని విని మన విద్యార్థులు నవ్వవచ్చును. మన ఊళ్లలో అమ్మవారి తోపులో పుల్ల విరువరాదని పెట్టిన కట్టుబాటు ఇట్టిదేనని ఉపాధ్యాయుడు గుర్తుచేయవలె. ఆ తోపులు ఇప్పుడు ఎన్ని మిగిలినవో కూడ అడుగవలె.

కుమాసి నగరమునకు ఆగ్నేయమున బోసుమ్‌ట్వి సరస్సున్నది. నేను చూచిన నీళ్లలో ఇంత నిశ్చలమైన నీరు వేరొకటి లేదు. సుమారు పది లక్షల యేండ్లక్రిందట ఆకాశమునుండి ఉల్క పడి గుంట ఏర్పడగా, అందులో వాననీరు నిండి సరస్సైనది. ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు, చుట్టును కొండలు, అంచున ఇరవైకి పైబడిన పల్లెలు. అశాంటి ప్రజలకు అది పవిత్రస్థలము. మరణించినవారి ఆత్మలు అక్కడ దైవమువద్ద సెలవు తీసుకొంటవని విశ్వాసము. ఇనుము ఆ నీటిని తాకరాదన్నది ప్రాచీనమైన కట్టుబాటు. అందుచేత జాలరులు పడవలు వాడక, ఒక్క దుంగను చదునుగా చెక్కి, దానిమీద పడుకొనో కూర్చుండియో, అరచేతులతో నీటిని తోసుకొంటూ చేపలు పడతారు. వారిని చూస్తూ గట్టుమీద రెండు గంటలు కూర్చున్నాను. ఒడ్డున ఇప్పుడు విడిదిగృహములు వెలసినవి. యాత్రికులకు మరపడవలును ఉన్నవి. దుంగమీది జాలరి ప్రక్కనుండి మరపడవ పోయినప్పుడు అతడు కొంతసేపు చేతులు పైకెత్తి, అలలు తగ్గేవరకు ఊరకే ఉన్నాడు. అలవాటుపడినాడు కాబోలు.

కాకుమ్ అడవిలో చెట్ల కొనలనడుమ 1995లో కట్టిన త్రాటివంతెన ఉన్నది. పొడవు సుమారు 350 మీటర్లు. అందరును దానిమీద నడుస్తారు, నేనును నడచినాను, కన్నులు మూసికొని నడచితినని మా మేనల్లుడు చెప్పుతాడు, నమ్మకండి. ఉత్తరాన మోలే అభయారణ్యములో ఏనుగులున్నవి. అంత దూరము పోలేకపోయినాను.

కాకుమ్‌నుండి సముద్రతీరము ఎంతో దూరము లేదు. అక్కడికి చేరినప్పుడు పెద్దాయన ప్రశ్న మళ్లీ నా ముందుకు వచ్చినది. తీరమున ఎల్మినా అన్న ఊరు. తెల్లని గోడల కోట, దానిక్రింద రంగురంగుల చేపలపడవలు, కొబ్బరిచెట్లు. చిత్రకారుడు కోరుకొనే దృశ్యము. 1482 జనవరిలో దియోగో ద అజంబుజా అన్న పోర్చుగీసు నాయకుడు నౌకలతో వచ్చి ఇక్కడ దిగినాడు. సైనికులను, తాపీపనివారిని, తమ దేశములోనే చెక్కించిన రాళ్లను వెంట తెచ్చినాడు. అప్పటికి పది యేండ్లకు పైగా పోర్చుగీసువారు వస్తూ, సరకు మార్చుకొని పోతూ ఉన్నారు. ఇప్పుడు ఇల్లు కట్టుకొనడానికి చోటు ఇమ్మన్నాడు. అక్కడి నాయకుని వారు కారమాన్సా అని వ్రాసికొన్నారు. క్వామెనా అన్సా అన్న పేరుకు అది వికృతరూపమని చరిత్రకారులు భావిస్తారు. ఆయన ఇచ్చిన సమాధానమును పోర్చుగీసు చరిత్రకర్తలే గ్రంథస్థము చేసినారు. అప్పుడప్పుడు కలిసికొనే స్నేహితులమధ్య ప్రేమ నిలుస్తుంది. ప్రక్కనే కాపురముంటే అది చెడుతుంది. కాబట్టి ఎప్పటివలె వచ్చి పోతూ ఉండండి — ఆ సమాధానపు సారాంశమిది. ఇంత మర్యాదగా, ఇంత దూరదృష్టితో “వద్దు” అన్న మాటను నేను చరిత్రలో మరి ఎక్కడను చదువలేదు. అది మనకు అతిథుల కలముద్వారానే దక్కినదన్న సంగతి మరువరాదు. అసలు ఆయన ఏయే మాటలు పలికినాడో ఆ సముద్రమునకే తెలియవలె.

ఒత్తిడికి లొంగి ఆయన చివరకు ఒప్పుకొన్నాడు. పని మొదలుపెట్టిన తాపీవారు, ఊరివారు పవిత్రముగా కొలిచే రాతిగుట్టను పగులగొట్టసాగినారు. జగడమైనది, కానుకలతో దానిని చల్లార్చినారు, గోడలు లేచినవి. ఆ గోడలు నేటికిని ఉన్నవి. తరువాత 1637లో డచ్చివారును, 1872లో ఆంగ్లేయులును ఆ కోటకు యజమానులైనారు. మొదట బంగారమునకు కట్టిన గదులలో పిమ్మట మనుష్యులను నింపినారు. సమీపమున ఉన్న కేప్ కోస్ట్ కోటలో పురుషులను బంధించిన నేలమాళిగకు పైభాగముననే ప్రార్థనామందిరమున్నది. సముద్రమువైపు ఉన్న సన్నని వాకిలిని మరలిరాని ద్వారమంటారు. ఆ వాకిలినుండి ఓడలకెక్కించినవారు అమెరికా ఖండమునకు పోయి బానిసలైనారు. బ్రిటిషు పార్లమెంటు 1807లో బానిసల వ్యాపారమును నిషేధించేవరకు అది ఆ కోటకు నిత్యకృత్యము.

ప్రకృతిశోభ, ఆతిథ్యము అన్న రెండు మాటలను వేరువేరు శీర్షికలక్రింద వ్రాసేవారితో నాకు పేచీ ఇక్కడనే. సరస్సు నిర్మలముగా ఉన్నదంటే, ఇంటివారు పెట్టిన నియమమును వచ్చినవారు పాటించినందువల్ల ఉన్నది. రాతిగుట్ట పగిలినదంటే వచ్చినవాడు తన పనిలో సగమే చెప్పినందువల్ల పగిలినది. ఆ దేశపు ఆతిథ్యములో మెత్తదనము ఎంతో, ఆ ప్రశ్నలోని పదును అంత. ఐదున్నర శతాబ్దముల అనుభవము దాని వెనుక ఉన్నది.

ఆ ద్వారమునకు మరియొక కథ ఉన్నది. 1998లో జమైకానుండి ఒకరివి, అమెరికానుండి ఒకరివి, బానిసలుగా బ్రతికి పోయిన ఇద్దరి అస్థికలను తెచ్చి, సముద్రమువైపునుండి ఆ వాకిలిలోగుండా లోపలికి తీసుకొనివచ్చి, తరువాత అసిన్ మాన్సో అన్న చోట సమాధి చేసినారు. ఇప్పుడు ఆ వాకిలికి వెలుపలివైపున తిరిగివచ్చే ద్వారమని పలక ఉన్నది. 2019వ సంవత్సరమును ప్రభుత్వము తిరిగివచ్చే సంవత్సరముగా ప్రకటించినది. 1619లో వర్జీనియాకు ఆఫ్రికన్లను తీసుకొనిపోయి 400 యేండ్లైన సందర్భమది. సముద్రము దాటి ఎందరో వచ్చినారు. హోటళ్లు నిండినవి, ధరలు పెరిగినవి. అక్రా విమానాశ్రయములో “అక్వాబా” అన్న స్వాగతవాక్యము పెద్ద అక్షరములలో ఉన్నది. దానిని సబ్బుబిళ్లలమీదను, చేతిరుమాళ్లమీదను కూడ చూచినాను. పల్లెలో ఆ మాట అంటే వచ్చినవాడు ఊరకుండరాదు. ఎదుటివారి వయస్సునుబట్టి తండ్రీ అనో, తల్లీ అనో, తోబుట్టువా అనో కలిపి బదులు పలుకవలె. సబ్బుబిళ్లకు ఏమని బదులు చెప్పగలము?

ఐనను స్వాగతమును అమ్ముకొంటున్నారని నేను ఆక్షేపించను. కొనడానికి వచ్చినవారికే అమ్ముతారు. కోట వెలుపల గవ్వమీద నా పేరు వ్రాసి తెచ్చి డబ్బు అడిగిన కుర్రవాడు, నేను ఇచ్చిన నోటును కుడిచేతితో అందుకొన్నాడు. ఆ నోటు నేను ఇచ్చినది ఎడమచేతితో. అక్కడ అది అవమానము; మన ఇండ్లలోను అంతే. నేను తెలుగువాడనన్న సంగతి నా ఎడమచేయి ఎట్లు మరచినదో తెలియదు.

వోల్టా సరస్సును గూర్చి ఒక మాట. 1965లో అకోసోంబో ఆనకట్ట పూర్తియైనది. సుమారు 8,500 చదరపు కిలోమీటర్ల నేల నీట మునిగి ఆ సరస్సు ఏర్పడినది. మానవనిర్మితమైన సరస్సులలో అది జగత్ప్రసిద్ధము. ఊళ్లు మునిగి సుమారు 80,000 మంది కదలిపోవలసి వచ్చినది. వారికి 52 కొత్త ఊళ్లు కట్టినారు. దేశమునకు దీపములు వెలిగినవి. 2023 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఆనకట్టనుండి నీరు వదలినప్పుడు దిగువనున్న పల్లెలవారు వేలకొలది మళ్లీ ఇండ్లు విడిచినారు. సాయంకాలము ఓడపైనుండి ఆ సరస్సును చూచేవారికి ఈ సంగతులు ఎవరును చెప్పరు. శ్రీశైలము, నాగార్జునసాగరము చూడడానికి పోయేవారికి మనము చెప్పుతున్నామా? విజయపురి, ఏలేశ్వరము నీటిక్రింద ఉన్నవని చరిత్రపాఠములో చదువుకొన్నవారికే గుర్తుండదు.

ఇక మనవైపు చూచుకొనవలె. ఎంక్రుమాకు గాంధీజీ పద్ధతియందు గౌరవము మెండు. 1950లో ఆయన నడపిన అహింసాయుత సమ్మె ఉద్యమమునకు ఆ ప్రేరణ ఉన్నది. అటువంటి దేశములో, అక్రా సమీపమున ఉన్న ఘానా విశ్వవిద్యాలయపు ఆవరణలో, 2016 జూన్‌లో మన రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గాంధీ విగ్రహమును ఆవిష్కరించినారు. కొద్ది నెలలలోనే అక్కడి ఆచార్యులు అభ్యంతరము చెప్పినారు. దక్షిణాఫ్రికాలో ఉన్న తొలి యేండ్లలో గాంధీజీ అక్కడి ఆఫ్రికన్లను కించపరుస్తూ వ్రాసిన మాటలను వారు ఎత్తిచూపినారు. 2018 డిసెంబరులో ఆ విగ్రహమును ఆవరణనుండి తొలగించినారు. ఆ వార్త చదివిన రోజున నాకు బాధ కలిగినది. ఆ ఆచార్యులమీద కోపమును వచ్చినది. ఇప్పుడు కోపము లేదు. గాంధీజీ తరువాత ఎంతో మారినారన్నది నిజము. ఆ మాటలు వ్రాసినారన్నదియు నిజమే. ఇంటివారిని గూర్చి అతిథి వ్రాసిన మాటను ఇంటివారు చదువుతారు. నూరేండ్లు గడచినా చదువుతారు. ఈ రెండు నిజములను కలిపి చెప్పగల ధైర్యము తరగతిగదిలో ఉపాధ్యాయునికి ఉండవలె. లేకపోతే మన పిల్లలు ఆ వార్తను ఎవరో చేసిన కృతఘ్నతగా చదివి ఊరుకొంటారు.

భూగోళపాఠములో కోకో ఎగుమతులు చెప్పండి, వద్దనను. దానితోబాటు ఆ జాలరి చేతులనుగూర్చి కూడ చెప్పవచ్చును గదా! కారమాన్సా సమాధానము ఒక్కటి ఎనిమిదవ తరగతి పిల్లలచేత చర్చింపజేస్తే, వలసపాలన అంటే ఏమిటో పది పుటల పాఠముకంటె బాగుగా బోధపడుతుందని నా నమ్మకము.

నేను తిరిగివచ్చిన రెండు నెలలకు, ఒక సహాధ్యాపకుడు పంపగా, హైదరాబాదులో పరిశోధన చేస్తున్న ఘానా విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చినాడు. అకాన్ ప్రజలకు అనన్సె అన్న సాలెపురుగు కథలున్నవి. చిన్న ప్రాణి పెద్ద జంతువులను బుద్ధిబలముతో ఓడించే కథలు. మన జానపదములలో అటువంటివి ఉన్నవా అని అడగడానికి వచ్చినాడు. మా ఆవిడ నీళ్లు తెచ్చి ఇచ్చినది. త్రాగినాడు. నేను వచ్చిన పని అడిగినాను. అతడు ఆశ్చర్యముగా నావైపు చూచి, లేచి నిలబడి, ఊరినుండి బయలుదేరినది మొదలు మా గడప తొక్కేవరకు అంతా క్రమముగా చెప్పినాడు. ఆ చెప్పడములో ఎంతో ఊరట ఉన్నది. కారణము తరువాత తెలిసినది. మూడు వారములుగా అతడు అద్దెగది కొరకు తిరుగుతున్నాడు. “ఇక్కడను అడుగుతారు, సార్. ఏ దేశము, ఏమి తింటావు, ఎవరు వస్తారు, ఎప్పుడు పోతావు అని గేటు బయటనే అడుగుతారు. నీళ్లు మాత్రము ఇవ్వరు” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

మా మేడమీది భాగము అప్పటికి నాలుగు నెలలుగా ఖాళీగా ఉన్నది. ఆ మాట నా నోటివరకు వచ్చి ఆగినది. ఇరుగుపొరుగు ఏమంటారో, మా ఆవిడ ఏమంటుందో అని లోపల లెక్కలు వేస్తూ కథలనుగూర్చి మాట్లాడుతూ కూర్చున్నాను. నీళ్ల గ్లాసు బల్లమీదనే ఉన్నది. మరునాడు ఫోను చేసినాను. ఊరి చివర ఎక్కడనో గది దొరికినదని, ఎంతో కృతజ్ఞతతో చెప్పినాడు.

పోవడానికి లేచినప్పుడు అతడు గడపదగ్గర నిలబడి, “దారి ఇప్పించండి” అన్నాడు. వారి దేశములో అతిథి తనంతట తాను లేచిపోడు. దారి అడిగి పోతాడు. వ్లీ సమీపపు పెద్దాయనవద్ద మేమును అట్లే అడిగినాము. సగము దారి ఇస్తున్నాను, తక్కిన సగము మీరు మళ్లీ వచ్చినప్పుడని ఆయన అన్నాడు. మనము పోతానని అనక పోయివస్తానని అనడములేదా, అటువంటిదే. నేనును ఆ పిల్లవానికి సగము దారియే ఇచ్చినాను. అతడు పెద్దగా నవ్వి, రెండు చేతులతో నా చేయి పట్టుకొని వెళ్లినాడు.

మిగిలిన సగమునకు ఇంకను రాలేదు.